స్వరలిపి పరిభాష – సాహిత్య విమర్శకుని పఠనం

వాగ్గేయకారులపై తెలుగు శాఖల్లో జరిగిన పరిశోధన తక్కువేమీ కాదు. అన్నమయ్య భక్తి, క్షేత్రయ్య నాయికలు, త్యాగరాజు భాష, రామదాసు కీర్తనల్లోని నిందాస్తుతి వంటి అంశాలపై సిద్ధాంత వ్యాసాలు విరివిగా వచ్చాయి. వీటిలో చాలా వాటికి ఆధారమైనది స్వరం తీసివేసిన పాఠం. పల్లవి, అనుపల్లవి, చరణం అన్న శీర్షికల కింద పద్యపాదాల వలె పంక్తులు కట్టి అచ్చువేసిన పుస్తకాన్ని ముందుంచుకొని అలంకారాలను, ప్రాసలను, రసాన్ని లెక్కిస్తున్నాము. అదే రచన స్వరలిపితో కూడిన గ్రంథంలో దొరికినా, అది సంగీత విద్యార్థుల పుస్తకమని పక్కన పెడుతున్నాము. ప్రాచీన లక్షణకారులు గేయంలోని మాటల భాగాన్ని మాతువనీ, స్వర భాగాన్ని ధాతువనీ వ్యవహరించి, రెండింటినీ తానే కూర్చగలవానిని ఉత్తమ వాగ్గేయకారునిగా పేర్కొన్నారు. ధాతువు అనగానే క్రియామూలం స్ఫురించే మనకు ఈ నిర్వచనం మొదటి పాఠంలోనే తడబాటు కలిగిస్తుంది. ఈ తడబాటు వ్యాకరణంతో ఆగదు. ఛందస్సులోనూ, సంగీతంలోనూ ఒకే రూపంతో వేర్వేరు అర్థాలిచ్చే పదాలు అనేకం ఉన్నాయి. వాటిని ఛందస్సు అర్థంలోనే చదివినందువల్ల గేయ విమర్శలో వచ్చిన చిక్కులను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

తెలుగులో స్వరలిపి గ్రంథాలకు కొదవ లేదు. వీణ రామానుజయ్య 'సంగీత సర్వార్థసార సంగ్రహము' 1859లో మద్రాసులో అచ్చయింది. ఆ శతాబ్దం చివరి దశకాల్లో తచ్చూరు సింగరాచార్య సోదరుల గ్రంథాలు వచ్చాయి. 1904లో ఎట్టయపురంలో సుబ్బరామ దీక్షితుల 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' వెలువడింది. తిరునెల్వేలి సీమలోని ఒక సంస్థానంలో, తమిళుల మధ్య, తమిళ భాషాకుటుంబీకుడైన విద్వాంసుడు తన శాస్త్రగ్రంథాన్ని తెలుగులో రచించి తెలుగు లిపిలో ముద్రింపజేశాడు. గ్రాంథిక వచన చరిత్రను రాసేవారు కూడా ఈ గ్రంథాన్ని తెలుగు గ్రంథంగా లెక్కించిన సందర్భాలు అరుదు. దానిని శాస్త్రవచనంగా చదవవలసిన అవసరం మనకు ఇంకా మిగిలే ఉంది.

ఆ గ్రంథాన్ని విద్యార్థి దశలో మొదటిసారి తెరచినప్పుడు నేను చేసిన పొరపాటుతోనే చర్చ ప్రారంభిస్తాను. స్వరాలపై వేసిన గుర్తుల పట్టికలో 'వళి' అన్న మాట కనిపించింది. వళి అంటే యతి అని, వడి, విరతి, విశ్రమం దాని పర్యాయపదాలని లక్షణ గ్రంథాల్లో చదువుకున్నాను. కనుక ఆ గుర్తు ఉన్నచోట సాహిత్యంలో యతిమైత్రి ఉంటుందని భావించి, నాలుగైదు కృతుల్లో వెదికాను. ఒకచోట కాకతాళీయంగా కుదిరింది కూడా. ఆ ఒక్కటి నన్ను కొన్ని వారాలపాటు తప్పుదారిలో నడిపించింది. అక్కడి వళికి యతితో ఏ సంబంధమూ లేదు. మడత, ముడుత అన్న అర్థంగల సంస్కృత శబ్దమది. శార్ఙ్గదేవుడు 'సంగీత రత్నాకరం'లో చెప్పిన పదిహేను గమకాలలో అదొకటి. వీణపై ఒక మెట్టుమీదనే తీగను వంచి లాగినప్పుడు స్వరం మడతపడి వినిపించే తీరుకు అది పేరు.

ఈ చిన్న పొరపాటు ఒక ముఖ్య విషయాన్ని బయటపెడుతుంది. 'సంప్రదాయ ప్రదర్శిని'లోని గమకాల పేర్లలో అధిక భాగం వీణ వాయించే చేతికి సంబంధించినవి. నొక్కు, జారు, ఖండింపు వంటి పదాలను చూడండి. దీక్షితులు వీటిని వివరించేటప్పుడు గొంతు ఏమి చేయాలో చెప్పడం కంటే, మెట్టుమీద వేలు ఏమి చేయాలో చెప్పడానికే మొగ్గు చూపుతాడు. నొక్కడం, జారడం, ఖండించడం అన్నీ మనం రోజూ వాడే తెలుగు క్రియలే. చేతిపనిని చెప్పే ఈ క్రియలు నామవాచకాలై శాస్త్రపదాలుగా స్థిరపడ్డాయి. కంపితం, స్ఫురితం, ప్రత్యాహతం వంటి సంస్కృత పదాలు వాటి పక్కన నిలుస్తాయి. ఒకే పట్టికలో రెండు తరగతుల మాటలు ఉండటం గమనింపదగినది. సంస్కృత పదాలు స్వరం చెవికి ఎట్లా తోస్తుందో చెబుతుంటే, దేశి పదాలు ఆ స్వరాన్ని పుట్టించడానికి ఏమి చేయాలో చెబుతున్నాయి. స్ఫురితం దీనికి మంచి ఉదాహరణ. ఆరోహణలో వచ్చే జంటస్వరాలలో రెండవదానిని పలికేటప్పుడు దాని కిందిస్వరం తాకీ తాకనట్టు మెరిసి మాయమవుతుంది. మనసులో ఒక భావం స్ఫురించిందని మనం చెప్పేటప్పుడు ఉన్న క్షణికత్వమే అక్కడా ఉంది. అవరోహణలోని జంటలకు వచ్చేది ప్రత్యాహతం. జారు అన్న మాటలో ఈ క్షణికత్వం లేదు. అందులో దూరం ఉంది. ఒక స్వరం నుంచి మరొక స్వరానికి వేలు తీగను విడవకుండా ప్రయాణించిన దూరమది. పదసంపదను అధ్యయనం చేసేవారికి ఈ పట్టిక ఒక వృత్తిపదకోశం. చేనేత, వ్యవసాయం, కుమ్మరం వంటి వృత్తుల పదాలను శ్రద్ధగా సేకరించిన మనం, వైణికుల వృత్తిపదాలను శాస్త్రపదాలుగా భావించి వదిలివేశాము.

గమకాల పేర్లలో పొరపడితే నష్టం పరిమితం. లఘువు, గురువు, అక్షరం, మాత్ర, జాతి, గతి, యతి అన్న పదాల వద్ద పొరపాటు విమర్శనే తారుమారు చేస్తుంది.

ఛందస్సులో లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు. తాళ షడంగాలలో అనుద్రుతం ఒక అక్షరకాలం, ద్రుతం రెండు, లఘువు నాలుగు, గురువు ఎనిమిది, ప్లుతం పన్నెండు, కాకపాదం పదహారు. అంకెలు మారినా లఘు గురు ప్లుతాల నిష్పత్తి 1:2:3గానే నిలిచి ఉండటం వల్ల ఈ పదాలు వ్యాకరణ ఛందశ్శాస్త్రాల నుంచే తాళశాస్త్రానికి వెళ్ళాయని ఊహించవచ్చు. సూళాది సప్త తాళాల వద్దకు వచ్చేసరికి ఆ నిష్పత్తి కూడా సడలింది. అక్కడ లఘువు జాతిని బట్టి మూడు, నాలుగు, అయిదు, ఏడు, తొమ్మిది అక్షరాలవుతుంది. గురువుకు అక్కడ స్థానమే లేదు. ఆదితాళం చతురశ్రజాతి త్రిపుట. ఒక లఘువు, రెండు ద్రుతాలు కలిసి ఎనిమిది అక్షరాలు. ఈ 'అక్షరం' కూడా మన అక్షరం కాదు, కాలప్రమాణం. ఒక తాళాక్షరంలో సాహిత్యాక్షరం ఒకటి ఉండవచ్చు, నాలుగు ఉండవచ్చు. వెనుకటి అక్షరంలోని అచ్చు సాగుతూ ఉంటే ఒక్కటీ లేకపోవచ్చు. పల్లవి ఆదితాళంలో ఉంది కనుక పాదానికి ఎనిమిది అక్షరాలు ఉండాలని లెక్కించి, సరిపోకపోతే పాఠం చెడిందని అనుమానించడం ఈ పదసామ్యం వల్ల కలిగే భ్రమ.

జాతి అంటే మనకు కందం, ద్విపద. ఉపజాతి అంటే ఆటవెలది, తేటగీతి. సంగీతంలో జాతి లఘువు పరిమాణాన్ని నిర్ణయించేది. దీర్ఘం లేని జతి మృదంగం మీద, నాట్యంలో పలికే సొల్లుకట్టు. అచ్చుపుస్తకాల్లో ఈ దీర్ఘం ఒకచోట ఉండి మరొకచోట ఊడిపోవడం అందరికీ అనుభవమే. ఇక గతి విషయానికి వస్తే, ఆధునిక ఛందోవిమర్శకులు ఈ పదాన్ని సంగీతం నుంచే అరువు తెచ్చుకున్నారు. ముత్యాలసరం మిశ్రగతిలో నడుస్తుందని చెప్పుకుంటాము. మూడు, నాలుగు మాత్రల గణాలు కలిసి ఏడు మాత్రల నడక ఏర్పడుతుందని దాని భావం. సంగీతంలో గతి లేదా నడ అంటే ఒక్క తాళాక్షరంలో ఎన్ని మాత్రలు ఇముడుతాయో చెప్పేది. ముత్యాలసరాన్ని పాడవలసి వస్తే గాయకుడు సహజంగా మిశ్రచాపు వేస్తాడు. అక్కడ ఏడు అన్నది తాళం మొత్తం ఆవర్త పరిమాణం. అది గతీ కాదు, జాతీ కాదు. విమర్శకుడు మిశ్రగతి అన్నదీ, గాయకుడు మిశ్రచాపు అన్నదీ ఒకే నడక కావచ్చు. కాని విమర్శకుడు తన మాటను సంగీత పరిభాషగా భావించి మిశ్రగతి ఆదితాళంతో పోల్చబూనితే లెక్క ఎక్కడా కలవదు. అరువు తెచ్చుకోవడంలో తప్పు లేదు, ఏ అర్థంలో వాడుతున్నామో ఒక వాక్యంలో చెబితే చాలు.

యతి చర్చ ఇంతకంటె ఆసక్తికరమైనది. తాళ దశప్రాణాలలో యతి అంటే అంగాల అమరికలో కనిపించే ఆకారం. సమ, గోపుచ్ఛ, స్రోతోవహ, మృదంగ, పిపీలికా వంటి భేదాలు దానికున్నాయి. గోవు తోకలాగా క్రమంగా సన్నబడేది గోపుచ్ఛ, ఏరులాగా క్రమంగా విస్తరించేది స్రోతోవహ. ఈ యతికీ మన యతికీ పేరు తప్ప పొత్తు లేదు. మన యతికి నిజమైన బంధువు సంగీతంలో మరొక పేరుతో ఉంది. రాగం తానం పల్లవి అన్న ప్రక్రియలోని పల్లవికి రెండు అంగాలుంటాయి. ప్రథమాంగం ముగిసి ద్వితీయాంగం మొదలయ్యే చోటు పదగర్భం. తమిళంలో దానిని అరుది అంటారు. అక్కడ గాయకుడు ఒక స్వరంమీద కొంతసేపు నిలిచి విశ్రమిస్తాడు. విశ్రాంతి అన్నది యతికి మన లక్షణకారులు చెప్పిన పర్యాయపదమే. సంస్కృత ఛందస్సులో యతి అంటే విరామం, పదం విరిగే చోటు. తెలుగు కవి ఆ విరామాన్ని వదలిపెట్టి, ఆ స్థానంలో అక్షరమైత్రిని నిలిపాడు. తెలుగు యతిస్థానంలో పదం విరగనక్కరలేదు, సమాసం మధ్యలో కూడా యతి పడవచ్చు. తెలుగు పద్యం విడిచిన విరామాన్ని పల్లవి తన పదగర్భంలో దాచుకున్నది. పల్లవి సాహిత్యం కూర్చే విద్వాంసుడు పదగర్భం వద్ద మాట తెగకుండా, అర్థం చెడకుండా జాగ్రత్త పడవలసి ఉంటుంది. ఆ జాగ్రత్త లేని పల్లవులూ ఉన్నాయి. వాటిని వింటున్నప్పుడు మాట నడిమధ్యన విరిగి అపార్థం తోచడం సహృదయులకు అనుభవమే.

ఎడుపు సంగతి ఇప్పుడు పరిశీలించాలి. గేయపాఠాన్ని ఎట్లా పంక్తులు కట్టాలన్నది ఈ పదంతోనే తేలుతుంది. ఎడుపు అంటే తాళావర్తంలో సాహిత్యం ఎత్తుకొనే చోటు. తమిళం నుంచి వచ్చిన ఈ మాటకు మన ఎత్తుగడ సరిసమానమైనది. శాస్త్రంలో దీనిని గ్రహం అంటారు. పాట, తాళం ఒకేసారి ప్రారంభమైతే సమగ్రహం. తాళం మొదలైన తరువాత పాట మొదలైతే అనాగతమనీ, పాట ముందుగా మొదలై తాళం తరువాత వస్తే అతీతమనీ పాఠ్యగ్రంథాలు సాధారణంగా చెబుతాయి. విద్యార్థులు ఈ రెండింటినీ తారుమారు చేయడం పరిపాటి. అతీతం అంటే గడచినది కదా, తాళం గడచిన తరువాత పాట వస్తే అతీతం కావాలి గదా అని వారి ప్రశ్న. ఈ ప్రశ్నకు సంగీతజ్ఞుని కంటె వైయాకరణుడే సులువుగా సమాధానం చెప్పగలడు. అతీత, అనాగత అన్నవి విశేషణాలు. వీటి విశేష్యం తాళమా, గీతమా అన్నదే చిక్కు. విశేష్యం గీతారంభం. తాళం వచ్చేసరికి గీతారంభం గడచిపోయి ఉంటే అతీతం, ఇంకా రాకుండా ఉంటే అనాగతం. విశేష్యాన్ని స్థిరపరిస్తే గందరగోళం ఉండదు.

త్యాగరాజు అనేక కృతులను దేశాది తాళంలో రచించాడు. నేడు ఆదితాళంలో చూపే పద్ధతిలో వీటి ఎత్తుగడ సమం నుంచి ఒకటిన్నర అక్షరం గడచిన తరువాత వస్తుంది. దీని పర్యవసానం ఏమిటి? సాహిత్య పంక్తి ఒక ఆవర్తంతో ప్రారంభమై అదే ఆవర్తంతో ముగియదు. మొదటి ఆవర్తంలో ఒకటిన్నర అక్షరం తరువాత మొదలై, తరువాతి ఆవర్తంలోని తొలి ఒకటిన్నర అక్షరంలోకి ప్రవేశించి ముగుస్తుంది. స్వరలిపి గ్రంథంలో నిలువుగీతలు ఆవర్తాన్ని చూపుతాయి. వాటిని పాదాంతాలుగా తీసుకొన్నవాడు పంక్తి చివరి మాటను తరువాతి పంక్తి తలకు ఎత్తుతాడు. స్వరలిపి లేని పుస్తకాన్ని నమ్మినవాడు సంపాదకుని అభీష్టాన్ని బట్టి, కొన్నిసార్లు కాగితం వెడల్పును బట్టి విరిచిన పంక్తులను పాదాలుగా భావిస్తాడు. ఇద్దరికీ యతిస్థానం దొరకదు. ఎడుపు నుంచి ఎడుపు వరకు లెక్కించాలి. అట్లా లెక్కించి, లఘువు ముగిసి ద్రుతాలు మొదలయ్యే చోట ఎడుపుకు సమానమైన దూరంలో ఏ అక్షరం పడుతున్నదో చూడాలి. యతిమైత్రిని వెదకవలసిన మొదటి చోటు అది. ద్వితీయాక్షర ప్రాసకూ ఇదే వర్తిస్తుంది. అనుపల్లవి రెండవ అక్షరం పల్లవి రెండవ అక్షరంతో ప్రాసించడం సర్వసాధారణం. పంక్తులను తప్పుగా విరిస్తే చరణాలలోని ప్రాస కనిపించకుండా పోతుంది. వాగ్గేయకారునికి ఛందోనియమం పట్టలేదని కొందరు చేసిన తీర్మానాలలో ఒక భాగమైనా పుస్తకంలోని పంక్తి విరుపు చేసిన పని అని నా అభిప్రాయం. పాట అంతటా నియమం కచ్చితంగా పాటించబడిందని ఇందువల్ల చెప్పడం లేదు. నియమం లేదనడానికి ముందు సరైన చోట వెదకాలని మాత్రమే చెబుతున్నాను.

పాఠపరిష్కరణలోనూ స్వరలిపి ఒక సాక్ష్యం. తెలుగు స్వరలిపిలో 'స' ఒక మాత్ర, 'సా' రెండు. అంతకు మించి సాగితే కామా ఒక మాత్రకు, అర్ధవిరామం రెండింటికి. రెండవ కాలానికి పైన ఒక గీత, మూడవ కాలానికి రెండు గీతలు. స్థాయిని చుక్కలు చూపుతాయి. హ్రస్వదీర్ఘాలను కాలప్రమాణానికి ఇంత సహజంగా వాడుకోగలగడం మన లిపికి ఉన్న సౌకర్యం. అయితే స్వరం దీర్ఘమైనంత మాత్రాన దాని కింది సాహిత్యం దీర్ఘం కానక్కరలేదు. 'మనసు' అన్న మాటలోని మకారం నాలుగు మాత్రలు సాగిందనుకుందాము. స్వరలిపి తెలిసినవాడు 'మ' రాసి తరువాత చుక్కలు పెడతాడు. వినికిడి మీద ఆధారపడి రాసుకున్నవాడు 'మానసు' అంటాడు. కచేరీల నుంచి, ధ్వనిముద్రికల నుంచి పాఠాన్ని ఎత్తిరాసిన పుస్తకాల్లో ఇటువంటి దీర్ఘాలు కొన్ని పాఠాంతరాలుగా చెలామణి అవుతున్నాయి. కొందరు వాటికి వ్యుత్పత్తి కూడా చెబుతున్నారు. చుక్కలు ఉన్న పాత పుస్తకం ఒక్కటి తెరచి చూస్తే ఆ శ్రమ తప్పేది.

ఇక స్వరాక్షరం. సాహిత్యంలోని అక్షరమూ, దానిమీద పాడే స్వరం పేరూ ఒకటే కావడం స్వరాక్షరం. 'నిగమ' అన్న మాట ని, గ, మ స్వరాలమీద. 'పదమా' అన్న మాట ప, ద, మా స్వరాలమీద వచ్చినట్లయితే శుద్ధ స్వరాక్షరం. 'సి', 'ము' వంటి గుణింత రూపాలు స, మ స్వరాలను తలపిస్తే సూచిత స్వరాక్షరం. సంగీత గ్రంథాలు దీనిని రచనాలంకారంగా పేర్కొని వదులుతాయి. సాహిత్య గ్రంథాలు ప్రస్తావించవు. అలంకారశాస్త్రం దృష్టితో దీనిని నిర్వచించడం కష్టం కాదు. శబ్దాలంకారమా, అర్థాలంకారమా అని నిర్ణయించడానికి మమ్మటుడు వాడిన గీటురాయి పర్యాయ పరివర్తనం. పర్యాయపదం వేసినా నిలిచేది అర్థాలంకారం, నిలవనిది శబ్దాలంకారం. 'పదమా' తీసి 'చరణమా' అంటే అర్థం నిలుస్తుంది, స్వరాక్షరం పోతుంది. కనుక ఇది శబ్దాలంకారమే. యమకానికీ, అనుప్రాసకూ దీనికీ ఒక్క భేదముంది. అవి మాతువులోనే ఉంటాయి. స్వరాక్షరం మాతువుకూ ధాతువుకూ నడుమ ముడిగా ఉంటుంది. సాహిత్యం మాత్రమే అచ్చువేసిన పుటలో అది ఉండదు, కనుక ఆ పుటను ఎంత నిశితంగా చదివినా దొరకదు. పాఠాంతరాల నడుమ ఎంపిక చేయవలసి వచ్చినప్పుడు, అర్థం రెండింటా సమానంగా ఉంటే, స్వరాక్షరాన్ని నిలిపే పాఠానికి మొగ్గు చూపడం సమంజసం.

ఈ ప్రతిపాదనలకు ఉన్న హద్దులను కూడా చెప్పాలి. ముత్తుస్వామి దీక్షితుల రచనలకు 'సంప్రదాయ ప్రదర్శిని' ఆయన కుటుంబ పరంపర నుంచే వచ్చిన సాక్ష్యం. త్యాగరాజు విషయంలో పరిస్థితి అంత సులువు కాదు. వాలాజాపేట, ఉమయాళ్పురం, తిల్లస్థానం శిష్య పరంపరల పాఠాంతరాలు వేరువేరుగా ఉన్నాయి. సంగతులలో ఏవి వాగ్గేయకారునివి, ఏవి తరువాతి గాయకులవి అన్నది ప్రతి కృతికీ విడిగా తేల్చవలసిందే. మనకు 'సంగతి' అంటే విషయం, సమాచారం. గాయకునికి ఒక పంక్తిని మరల మరల పాడుతూ స్వరరచనను పెంచుకుంటూ పోయే భేదం. సంగతి మారినప్పుడు పంక్తిలో నొక్కు పడే మాట కూడా మారి, అర్థం మరొక వైపు మొగ్గవచ్చు. అది కవి ఉద్దేశమని చెప్పడానికి ముందు ఆ సంగతి ఎవరిదో తెలియాలి.

అన్నమయ్య వద్ద ఈ హద్దు మరింత గట్టిది. తాళ్లపాక రాగిరేకులలో సంకీర్తనకు రాగం పేరు ఉంది, స్వరలిపి లేదు. నేడు మనం వింటున్న వరుసలు ఇరవయ్యవ శతాబ్దిలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, మంగళంపల్లి బాలమురళీకృష్ణ, నేదునూరి కృష్ణమూర్తి ప్రభృతులు కట్టినవి. కనుక ఆ పాటల స్వరలిపిలో కనిపించే ఎడుపు, గమకం, స్వరాక్షరం అన్నమయ్యవని చెప్పడానికి వీలులేదు. అవి స్వరకర్త చేసిన వ్యాఖ్యానం. రాళ్లపల్లి వారి స్వరరచనలను ఆ దృష్టితో చదవడం ప్రయోజనకరం. రేకులలోని పాఠాన్ని పరిష్కరించిన చేయి, దానికి స్వరం కట్టిన చేయి అక్కడ ఒక్కటే. ఏ మాట వద్ద ఆగారు, ఏ మాటను రెండవ కాలంలో వేగంగా దాటించారు, ఏ సమాసాన్ని విరవకుండా ఒకే ఆవర్తంలో ఇమిడ్చారు అన్నది పరిశీలిస్తే, ఆయన పాఠనిర్ణయాలకు పీఠికలో రాయని కారణాలు కొన్ని ఆ చుక్కలలో, గీతలలో దొరుకుతాయి.